గింజ రంగు చూసి మొక్కను పోల్చుకోవడం, రాసిపెట్టుకోవడం ఎలా?

పోయిన తొలకరికి ముందు మా మేనత్త ఫోన్ చేసింది. ఆమెది కనిగిరి పక్క మెట్ట ఊరు. "అబ్బాయా, ఒంగోలు నుంచి వచ్చేటప్పుడు ఎర్ర అలసందలు ఒక కేజీ పట్టుకురా, విత్తనానికి" అంది. నేను అంగడంతా తిరిగి, నిజంగానే ఎర్రగా, దాదాపు బీట్‌రూట్ రంగులో నిగనిగలాడే గింజలు ఏరి తెచ్చాను. అత్త వాటిని చేటలో పోసి ఒక్కసారి చెరిగి నా మొహం వంక చూసింది. "ఏందబ్బాయా ఇవి? ఎర్రంటే ఇంత ఎర్రా? నేనన్నది ఎర్రావు ఎర్ర!"

ఆ కేజీ గింజలు గుగ్గిళ్లయిపోయాయి. తప్పు నాది కాదు, అత్తది కూడా కాదు. ఆమె ఊళ్లో 'ఎర్ర' అంటే అందరికీ ఒకటే తెలుసు. ఆ మాట ఊరు దాటి నా దగ్గరకు వచ్చేసరికి అర్థం మారిపోయింది. విత్తనాలు దాచేవాళ్లు, పాత రకాలు వెతికేవాళ్లు, స్కూల్లో పిల్లలతో మొక్కల ఆల్బమ్ చేయించే టీచర్లు, అందరికీ ఇదే తలనొప్పి. గింజ రంగు రాసేటప్పుడు ఇంకొకరు చదివి అదే గింజను గుర్తుపట్టేలా ఎలా రాయాలో, నేను చేసి చూసిన పద్ధతి ఇది.

ముందు మాటల పంచాయితీ తేల్చుకోండి

మన భాషలో పచ్చజొన్న అంటే పసుపు రంగు జొన్న. పచ్చ పెసలు అంటే ఆకుపచ్చ. ఒకే మాట, రెండు రంగులు. 'ఎర్ర' ఇంకా విశాలం. ఎర్రావు, ఎర్రమట్టి, ఎర్ర శనగ, ఇవేవీ కుంకుమ ఎరుపు కావు, గోధుమ రంగులో రకరకాల ఛాయలు. నాగులుప్పలపాడు, మద్దిపాడు వైపు రేగడి చేలల్లో పండే దేశవాళీ శనగను ఒకరు ఎర్ర శనగ అంటారు, ఇంకొకరు నల్ల శనగ అంటారు. గింజ మాత్రం అదే. ఇక 'తెల్ల' అన్నవాటిలో సున్నంలా తెల్లనివి అరుదు. తెల్ల శనగ మీగడ రంగు, తెల్లజొన్న ముత్యం రంగు.

ఊరి పేరును దిద్దకండి, కొట్టేయకండి. నోట్‌బుక్‌లో రెండు గడులు గీయండి. మొదటి గడిలో మీకు గింజ ఇచ్చిన మనిషి చెప్పిన పేరు ఉన్నది ఉన్నట్టు రాయండి: 'ఎర్ర అలసంద'. రెండో గడిలో మీ కంటికి కనిపించింది రాయండి. మొదటిది పేరు, రెండోది వర్ణన. ఈ రెండూ కలిపేయబట్టే నాకు గుగ్గిళ్లు మిగిలాయి.

గింజ తీసుకోవడం

మొక్క మీదే కాయ పండి, ఎండి, పగలడానికి సిద్ధంగా ఉన్నప్పటి గింజే వర్ణనకు పనికొస్తుంది. పచ్చి చిక్కుడు గింజ ఆకుపచ్చగానో లేత తెలుపుగానో ఉంటుంది, అదే ఎండాక నల్లబడొచ్చు, గోధుమ రంగుకు తిరగొచ్చు. పుచ్చకాయ ముదరకముందు కోస్తే నల్లగింజల రకంలో కూడా తెల్ల గింజలే కనబడతాయి. వాటిని చూసి 'తెల్ల గింజల పుచ్చ' అని రాసినవాళ్లను నేనెరుగుదును.

కోసిన గింజను నీడన ఆరబెట్టండి. తడి ఉంటే ఏ రంగైనా ఒక మెట్టు ముదురుగా కనిపిస్తుంది. కొరికితే టక్కున విరిగిందంటే చాలు.

దాచిన గింజ అయితే ముందు శుభ్రం చేయాలి. మన ఇళ్లల్లో పురుగు పట్టకుండా బూడిదో ఎర్రమట్టో పట్టించి పెడతారు కదా, ఆ పూత మీద రంగు చూస్తే ఏం లాభం? మెత్తటి పొడిగుడ్డలో వేసి నలపండి. పోకపోతే నీళ్లలో చప్పున జాడించి, మళ్లీ పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు చూడండి.

ప్యాకెట్ విత్తనాల సంగతి వేరు. హైబ్రిడ్ మొక్కజొన్న, జొన్న, సజ్జ, పత్తి విత్తనాలకు శుద్ధి మందుతో పాటు గులాబీయో, ఎరుపో, నీలమో రంగు పూసి అమ్ముతారు. తినకూడదని గుర్తుగా ఆ పూత. అది గింజ రంగు కాదు, దాన్ని కడిగి చూసే ప్రయత్నం కూడా చేయొద్దు. అలాంటి విత్తనమైతే పంట పండాక వచ్చిన గింజనే వర్ణించండి.

ఎన్నాళ్ల గింజో తప్పక రాయండి. కంది, అలసంద, తెల్ల శనగ పాతబడేకొద్దీ ముదురుతాయి. ఈ ఏడు మీగడ రంగులో ఉన్న తెల్ల శనగ, రెండేళ్లు డబ్బాలో ఉంటే ఎండు తాటాకు రంగుకు దిగుతుంది. కోత సమయంలో వాన పడ్డ జొన్నకు బూజు పట్టి నల్ల మచ్చలో, గులాబీ ఛాయో వస్తుంది. అది తెగులు రంగు. రకం ఖాతాలో రాయకూడదు.

రంగు ఏ పొరలో ఉంది?

నన్నడిగితే మొత్తం పనిలో కీలకం ఇదే. ఎక్కువ మంది తప్పటడుగు వేసేది కూడా ఇక్కడే.

ఇంట్లో పప్పు డబ్బాలు నాలుగు దింపండి. పెసర పైపొట్టు ఆకుపచ్చ, లోపల పప్పు పసుపు. మినుము పైన నలుపు, లోపల వెన్న తెలుపు. కంది పైన ఎర్ర గోధుమ రంగో మీగడ రంగో ఉంటుంది, లోపల పసుపు. మైసూరు పప్పు పైపొట్టుతో చూస్తే మట్టి రంగు, పొట్టు తీస్తే నారింజ. 'మసూర్ గింజ నారింజ రంగు' అని రాస్తే ఆ మొక్క కాయ పగలగొట్టి చూసినవాడు మిమ్మల్ని నమ్మడు. అందుకే 'పైపొట్టు', 'లోపలి పప్పు' అని రెండు వేర్వేరు వరసలుగా రాయాలి.

వరి దగ్గర ఇంకో పొర అదనం. ఊక రంగు ఒకటి, ఊక తీశాక తవుడు పొర రంగు ఇంకొకటి, లోపలి బియ్యం మరొకటి. ఎర్ర బియ్యంలో గానీ నల్ల బియ్యంలో గానీ రంగంతా తవుడు పొరలోనే ఉంటుంది. బాగా పాలిష్ పడితే రెండూ తెల్లబడతాయి. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం మాగాణి రైతులకు ఇది బాగా తెలుసు. పొలంలో ఒకే తీరుగా గడ్డి రంగు ఊకతో కనిపించే వడ్లలో కూడా బెరుకు గింజను, అంటే కలిసిపోయిన వేరే రకం గింజను, అరచేతిలో నలిపి ఊక ఊదేస్తే లోపల ఎర్రగా బయటపడుతుంది. కాబట్టి వడ్లను ఎప్పుడూ రెండు కుప్పలుగా చూడండి, కొన్ని ఊకతో, కొన్ని ఒలిచి.

ఇక గింజే కాని దాన్ని గింజ అనుకోవడం ఒకటుంది. పండిన కాకరకాయ పగిలితే లోపల నెత్తురు ఎరుపు కనిపిస్తుంది. అది గింజ మీద ఉండే గుజ్జు పొర. దాన్ని చప్పరించి ఉమ్మేస్తే గింజ మట్టి రంగులో, అంచులు చెక్కినట్టు ఉంటుంది. సీమచింత కూడా అంతే. తెల్లగానో గులాబీగానో మనం తినేది గుజ్జు, గింజ నల్లగా మెరుస్తుంది. దానిమ్మ సంగతి చెప్పక్కర్లేదు.

వెలుతురు

పొద్దున తొమ్మిది నుంచి పదకొండు మధ్య, వరండాలో, నేరుగా ఎండ పడని చోట చూడండి. ట్యూబ్‌లైటు, పసుపు బల్బు కింద రాసిన రంగు తెల్లారేసరికి తప్పని తేలుతుంది. అడుగున తెల్ల కాగితం. మీగడ రంగు, లేత పసుపు గింజలకు నల్ల కాగితం కూడా వేసి ఒకసారి చూడండి, తేడా అప్పుడే తెలుస్తుంది. ఫోన్ కెమెరాను నమ్మొద్దు, రంగుల్ని అది తనంతట తానే సర్దేస్తుంది. ఫొటో తీసినా ఫ్రేములో తెల్ల కాగితం, పక్కన ఒక రూపాయి బిళ్ల ఉండేలా చూసుకోండి. కాగితం తెల్లగా కనిపిస్తే రంగు కాస్త నమ్మొచ్చు, బిళ్లతో సైజు తెలుస్తుంది.

పేరు పెట్టడం

వృక్షశాస్త్రం వాళ్లకు నంబర్లు వేసిన రంగుల చార్టులు ఉంటాయి. లండన్ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ చార్టు వాటిలో పేరున్నది. కానీ ధర మనబోటి వాళ్లకు అందేది కాదు. నేను చేసింది సింపుల్: పెయింట్ల షాపులో షేడ్ కార్డు అడిగి తెచ్చుకున్నాను. ఊరికే ఇచ్చారు. గింజను ఒక్కో గడి పక్కన పెట్టి, దగ్గరగా కలిసిన గడి నంబరు రాసుకుంటాను. కార్డును పుస్తకంలో మూసి పెట్టాలి, ఎండ తగిలితే అదీ వెలిసిపోతుంది. ఒకే కార్డు వాడేవాళ్లు ఇద్దరుంటే ఫోన్లో నంబరు చెప్పుకుంటే చాలు.

కార్డు లేకపోతే మనందరి ఇళ్లల్లో ఉండే వస్తువుతో పోల్చండి. గోధుమ రంగు అని ఆగిపోతే ఏమీ చెప్పనట్టే. బెల్లం రంగా? కొత్త బెల్లమా, పాత బెల్లమా? ఇటుక పొడా, మెంతి గింజా, చింతగింజా, వేయించిన కాఫీ గింజా? నలుపులో మిరియం నలుపుకి బూడిద జాడ ఉంటుంది, నేరేడు పండు నలుపుకి ఊదా జాడ ఉంటుంది, కుంకుడు గింజ నలుపుకి ఏ జాడా లేదు. తెలుపులో మీగడ, వెన్న, గంజి వేరువేరు. పోలిక వస్తువు ఎప్పుడూ ఒకే రంగులో ఉండేదై ఉండాలి. 'మామిడిపండు రంగు' అంటే ఏ మామిడి, ఎప్పటి మామిడి?

మెరుపు సంగతి విడిగా రాయండి. మినుముల్లో ఇది చాలా ముఖ్యం. వ్యాపారులు పాలిష్ రకం, సాదా రకం అని విడగొట్టేది మెరుపును బట్టే. రెండూ నలుపే. ఎల్‌బీజీ 752 అనే మినుము రకం నిగనిగలాడుతుంది, పీయూ 31 అనే రకం మసిబట్టినట్టు ఉంటుంది. 'నల్ల గింజ' అని రాసి ఊరుకుంటే ఈ రెండింటికీ తేడా పోయినట్టే.

చీర చెప్పినట్టు చెప్పండి

ఒకే రంగు గింజ తేలిక. మచ్చలు, చారలు ఉన్న గింజను ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాలామంది 'రంగురంగుల గింజ' అని తప్పించుకుంటారు. మన ఆడవాళ్లు వెంకటగిరి చీర గురించి ఎలా చెబుతారో గుర్తు తెచ్చుకోండి. ముందు ఒంటి రంగు, తర్వాత బుటాలు, తర్వాత అంచు. గింజకూ అదే వరస.

ఒంటి రంగు అంటే ఎక్కువ భాగం పరుచుకున్నది. దాని మీద బుటా: చుక్కలా, చారలా, మచ్చలా, పొగ కమ్మినట్టు ఉందా? మూడోది కన్ను, అంటే గింజ కాయకు అతుక్కుని ఉన్న చోటు. బొబ్బర్లలో మీగడ ఒంటి మీద నల్ల కన్ను చూడగానే తెలుస్తుంది. నల్ల రకం చిక్కుడు గింజకు ఒంటి మీద తెల్లటి పొడుగు గీత ఉంటుంది, దూరం నుంచే పోల్చుకోవచ్చు. ఆముదం గింజ అయితే: ఒళ్లు బూడిద రంగు, దాని మీద కాఫీ రంగు మచ్చలు పాము చర్మంలా అల్లుకుని ఉన్నాయి, కొసన తెల్లటి ముక్కు. ఈ ఒక్క వాక్యం చాలు, ఆముదం ఎరిగినవాడెవడూ పొరబడడు.

నూరు గింజల లెక్క

గోతంలో పైన, నడుమ, అడుగున మూడు చోట్ల నుంచి పిడికెడు చొప్పున తీసి కలిపి, అందులోంచి ఏరకుండా 100 గింజలు లెక్కపెట్టండి. ఏరకుండా అన్నమాట ముఖ్యం, మన చెయ్యి తెలియకుండానే అందమైన గింజ వైపు పోతుంది. రంగుల వారీగా విడగొట్టి అంకెలు వేయండి: '91 ఇటుక రంగు, 7 మీగడ, 2 నలుపు'. పాత నాటు రకాలు ఒకే రంగులో ఉండవు, ఆ కలగలుపే వాటి గుణం. సర్టిఫైడ్ విత్తనంలో మాత్రం వేరే రంగు కనిపిస్తే అది బెరుకు కావచ్చు.

అదే 100 గింజలను బంగారం కొట్టు కాటాలాంటి చిన్న కాటా మీద పెట్టి బరువు కూడా రాసేయండి. జేజీ 11 శనగ 100 గింజలు సుమారు 22 గ్రాములు తూగుతాయి, కాక్ 2 తెల్ల శనగ 38 గ్రాముల పైచిలుకు. రంగుతో పాటు బరువు కలిస్తే వర్ణన గట్టిపడుతుంది.

గింజ నుంచి మొక్కకు

గింజ రంగు చాలాసార్లు మొక్క ఒంటి మీద ముందే కనిపిస్తుంది. శనగ చేలో పూత మీదున్నప్పుడు నిలబడి చూడండి. గులాబీ పూలు పూసి, కాండం మీద ఎరుపు జీర ఉంటే గోధుమ రంగు గింజల దేశవాళీ. తెల్లపూలు, లేతాకుపచ్చ కాండం అయితే సాధారణంగా మీగడ గింజల కాబూలీ, అంటే తెల్ల శనగ. ఒకే జన్యువు గింజ పొట్టులోనూ పువ్వులోనూ పనిచేయడం దీనికి కారణం. బఠాణీలో ఇదే సంగతిని గ్రెగర్ మెండెల్ 1866లో అచ్చయిన తన వ్యాసంలో రాశాడు. బూడిద గోధుమ పొట్టు గింజల మొక్కకు ఊదా పూలు, తెల్ల పొట్టు గింజల మొక్కకు తెల్లపూలు.

ఇక్కడ ఒక చిక్కుముడి విప్పాలి. గింజ పైపొట్టు తల్లి మొక్క ఒంటి భాగం, లోపలి పప్పు మాత్రం బిడ్డది. అందుకని పక్కచేను పుప్పొడి పడినా ఆ ఏడు గింజ పొట్టు రంగు మారదు, ఆ గింజ మొలిచి కాసిన మొక్క మీద తేడా బయటపడుతుంది. మొక్కజొన్నలో అలా కాదు. అక్కడ పసుపు రంగు ఉండేది గింజ లోపలి పిండిలో, అది బిడ్డ వాటా. తెల్ల మొక్కజొన్న కండెలో అక్కడక్కడా పసుపు గింజలు కనిపిస్తే పక్కచేను పుప్పొడి ఈ సీజన్లోనే వచ్చి వాలినట్టు.

అన్ని మొక్కలకూ ఈ లెక్క నడవదు. ఎర్ర తోటకూర, పచ్చ తోటకూర ఆకుల్లో ఎంత తేడా, గింజలు చూస్తే రెండూ నల్లగా మెరుస్తాయి. వంకాయ, టమాటా, మిరప గింజలు పసుపు, మీగడ ఛాయల మధ్యే తిరుగుతాయి. పొగాకు గురించి కందుకూరు, కొండపి రైతుల ముందు నేను మాట్లాడటం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. గ్రాముకు పదివేలకు పైగా తూగే ఆ ధూళిలాంటి గోధుమ రంగు గింజను చూసి రకం చెప్పగలవాడు లేడు. అలాంటి చోట రంగు ఒక్క మాటలో రాసి, ఆకు, పువ్వు, కాయ వైపు వెళ్లిపోండి.

రంగు ప్రాణం మీదికి తెచ్చే చోట్లు

గురివింద గింజ తన కింది నలుపెరగదంటారు. మనం మాత్రం ఎరగాలి, ఆ నలుపే గుర్తు. ఎర్రటి ఒళ్లు, కన్ను చుట్టూ నల్ల టోపీ ఉంటే అది తీగకు కాసే గురివింద. ఒకప్పుడు కంసాలులు బంగారం తూచడానికి వాడింది ఇదే, ఒక్కోటి సుమారు 0.12 గ్రాములు. తెల్ల గురివింద, నల్ల గురివింద కూడా ఉన్నాయి. పగిలినా నమిలినా చాలా విషం, పిల్లల చేతికివ్వకండి, దండ కట్టాలని సూదితో గుచ్చకండి. మొత్తం ఎర్రగా, నలుపు లేకుండా, బిళ్లలా ఉంటే అది చెట్టుకు కాసే బండి గురివింద. దీన్ని కొందరు 'ఎర్రచందనం గింజ' అని అమ్ముతుంటారు. ఉదయగిరి, రాపూరు కొండల్లోని అసలు ఎర్రచందనం కాయ గుండ్రంగా, చుట్టూ రెక్కతో చిన్న అప్పడంలా ఉంటుంది. లోపలి గింజ ఎర్ర గోధుమ రంగు, అంత సోకు ఏమీ ఉండదు.

మిరప గింజల్లో ఉమ్మెత్త గింజ కలిస్తే కంగారు పడాల్సిందే. మిరప గింజ లేత పసుపు, పలచన, నున్నన. ఉమ్మెత్త గింజ మట్టి పసుపు నుంచి నలుపు దాకా, మందంగా, మూత్రపిండం ఆకారంలో, ఒళ్లంతా గుంటలుగా ఉంటుంది. ఆవాల్లో బలురక్కసి గింజ కలవడం ఇంకో ప్రమాదం. రంగు రెండిటికీ దగ్గరే, ఆవగింజ నున్నగా జారుతుంది, బలురక్కసి గరుకుగా వలలాంటి గీతలతో ఉంటుంది. ఆ నూనె తింటే కాళ్లు వాచి, గుండె దాకా పోతుంది. ఇలాంటి జంటల్ని రంగు ఒక్కదానితో తేల్చొద్దు. భూతద్దం పెట్టి ఒంటి గరుకు చూడండి, అనుమానం తీరకపోతే నోటి దాకా పోనివ్వకండి.

ఒక నమోదు, మొదటి నుంచి చివరిదాకా

గుగ్గిళ్ల సంగతి అయ్యాక అత్త తన దగ్గర మిగిలిన పాత గింజలు ఒక గుప్పెడు నాకు ఇచ్చింది. వాటికి నేను రాసుకున్నది ఇది.

ఊరి పేరు: ఎర్ర అలసంద. దొరికిన చోటు: కనిగిరి మండలం, మెట్ట, వానాధారం, కందిలో అంతరపంట. గింజ వయసు: పోయిన సంక్రాంతికి కోసింది, బూడిద పట్టించి కుండలో దాచింది, గుడ్డతో తుడిచాను. చూసిన వేళ: పొద్దున పది, వరండా. పైపొట్టు ఒంటి రంగు: కొత్త ఇటుక మీద తడి ఆరుతున్న రంగు. బుటా లేదు. కన్ను తెలుపు, చుట్టూ చింతగింజ రంగులో సన్నని గీత. మెరుపు: కొద్దిగా. లోపలి పప్పు: గంజి తెలుపు. 100 గింజల్లో 94 ఇదే రంగు, 6 మీగడ రంగు.

ఇది ఫోన్లో చదివి వినిపిస్తే అత్త, "ఆఁ, ఆ తడి ఇటుక సరిగ్గా చెప్పినావు" అంది. ఆ ఆరు మీగడ గింజలు ఏరి పారేయమంటావా అని అడిగితే వద్దంది, వాళ్లమ్మ కాలం నుంచీ అవి అందులోనే ఉన్నాయట. వాటిని విడిగా ఒక సాలు పెట్టాను. మొలకలు వచ్చాయి. నోట్‌బుక్‌లో పువ్వు రంగు గడి రెండు సాళ్లకూ ఖాళీగా ఉంది. ఇటుక గింజలకు ఊదా, మీగడ వాటికి తెలుపు వస్తుందని పెన్సిల్‌తో మూలన రాసి పెట్టుకున్నాను.